పాత రాయితీలకు రక్షణ, కొత్త అవసరాలకు ఆంక్ష

ప్రపంచ వాణిజ్య సంస్థలో వ్యవసాయ చర్చలూ, మత్స్య రాయితీల చర్చలూ వేర్వేరుగా సాగుతున్నా, రెండింటినీ పీడిస్తున్న అన్యాయం ఒక్కటే. నిన్న ఎవరు ఎంత ఇచ్చారన్నదే, నేడు ఎవరు ఎంత ఇవ్వవచ్చో తేలుస్తోంది.

వ్యవసాయ ఒప్పందం 1995లో అమల్లోకి వచ్చేనాటికే భారీగా రాయితీలిస్తున్న దేశాలకు, కొంత కోత పోగా మిగిలినదంతా హక్కుగా దక్కింది. అటువంటి చరిత్ర లేని వర్ధమాన దేశాల్లో అత్యధికం పంట విలువలో 10 శాతం పరిమితికి లోబడవలసి వచ్చింది. ఆ లెక్క కట్టే పద్ధతి మరీ దారుణం: ప్రభుత్వ సేకరణ ధరను ఇప్పటి మార్కెట్ ధరతో కాకుండా 1986-88 నాటి అంతర్జాతీయ ధరతో పోలుస్తారు కనుక, దశాబ్దాల ద్రవ్యోల్బణమంతా రైతుకిచ్చిన రాయితీగా నమోదవుతుంది. 2018-19లో వరి విషయంలో భారత్ ఈ పరిమితి దాటి, 2013 బాలి మంత్రుల సమావేశంలో కుదిరిన శాంతి నిబంధనను, అంటే పరిమితి దాటినా ఇతర దేశాలు ఫిర్యాదు చేయకుండా కాపాడే ఏర్పాటును, ఆశ్రయించింది. ఆ రక్షణ కూడా అప్పటికే నడుస్తున్న ఆహార నిల్వల పథకాలకే పరిమితం. ఆ తర్వాత అటువంటి పథకం మొదలుపెట్టే పేద దేశానికి అది వర్తించదు. ఈ ఆహార నిల్వల సమస్యకు 2017లోగా కుదరాల్సిన శాశ్వత పరిష్కారం 2024 అబుదాబి సమావేశంలోనూ కుదరలేదు.

అక్రమ చేపల వేటకూ, అప్పటికే క్షీణించిన మత్స్య నిల్వల వేటకూ రాయితీలను నిషేధిస్తూ 2022 జూన్‌లో కుదిరి, 2025 సెప్టెంబరు 15న అమల్లోకి వచ్చిన ఒప్పందం నిస్సందేహంగా మేలు చేసేదే. అయితే అసలు జబ్బు సముద్రం భరించలేనంతగా పెరిగిన చేపల వేట నౌకల సామర్థ్యం. దాన్ని పెంచే రాయితీలపై నిబంధనలు అబుదాబిలో ఆగిపోయాయి. నిల్వలను సుస్థిరంగా కాపాడుతున్నామని చూపగలిగిన దేశాలు రాయితీలు కొనసాగించవచ్చని ముసాయిదా చెబుతోంది. నిల్వల అంచనాలకు నౌకలూ, శాస్త్రవేత్తలూ, గణాంక వ్యవస్థా ఉన్న సంపన్న దేశాలకే ఆ మినహాయింపు సులభంగా అందుతుంది.

సుదూర జలాల్లో వేటాడే దేశాలు పాతికేళ్లపాటు రాయితీలు ఆపాలనీ, వర్ధమాన దేశాలకు రాయితీలు కొనసాగించేందుకు అంతే వ్యవధి కావాలనీ భారత్ కోరింది. మొదటి కోరిక న్యాయమైనది. రెండోదానితో ఏకీభవించలేను, ఎందుకంటే అంచనా వేసిన నిల్వల్లో మూడో వంతుకు పైగా మితిమీరిన వేటకు గురవుతున్నప్పుడు పాతికేళ్లు చేపలకూ ఎక్కువే, వాటిపై బతికే మత్స్యకారులకూ ఎక్కువే. తీరానికి దగ్గరగా వేటాడే చిన్న పడవలకు గడువుతో పనిలేని శాశ్వత మినహాయింపు ఇచ్చి, పెద్ద నౌకలకు వ్యవధి తగ్గించడమే మెరుగు. అమల్లోకి వచ్చిన నాలుగేళ్లలో సమగ్ర నిబంధనలు కుదరకుంటే, ప్రపంచ వాణిజ్య సంస్థ నిర్ణయాలు తీసుకునే జనరల్ కౌన్సిల్ వేరుగా నిర్ణయిస్తే తప్ప, ఇప్పుడున్న ఒప్పందమూ రద్దవుతుందని దాని పాఠమే చెబుతోంది.