కొండ కింది కొలువుపై ఒక ఆడిట్ అభ్యంతరం

ఖాతాల తనిఖీలో తల నెరిసినవాడిని కనుక, డబ్బు ఖర్చయి వస్తువు కనిపించని చోట ఎర్ర సిరా కలం కోసం జేబు తడుముకోవడం నాకు అలవాటు. ఇటలీలోని గ్రాన్ సాస్సో కొండ కింద, 1400 మీటర్ల రాతి అడుగున, న్యూట్రినో అనే సూక్ష్మ కణం గుట్టు తేల్చడానికి నడుస్తున్న ‘కువోరె’ అనే భౌతిక శాస్త్ర ప్రయోగం గురించి చదివిన నాటి నుంచి ఆ కలం మళ్లీ జేబులోకి వెళ్లలేదు. కొండను తవ్వి ఎలుకను పట్టాడని మనవాళ్లు ఎగతాళి చేసిన ఆ పాత మనిషికి కనీసం ఎలుక దొరికింది. వీరికి అదీ దొరకలేదు సరికదా, దొరకలేదన్న సంగతిని 2022లో ‘నేచర్’ పత్రికలో సగౌరవంగా అచ్చు వేయించుకున్నారు.

ముందుగా ఇండెంటు చూద్దాం. టెల్లూరియం-130 అణు కేంద్రకంలో రెండు న్యూట్రాన్లు ఒకేసారి ప్రోటాన్లుగా మారి, రెండు ఎలక్ట్రాన్లు మాత్రమే బయటికి రావాలి. వాటితో రావలసిన న్యూట్రినోలు రాకూడదు. అలా జరిగితే న్యూట్రినో తనకు తానే ప్రతికణమని, అంటే దాని వ్యతిరేక జోడీ కూడా అదేనని తేలుతుంది. అటువంటి కణాలు ఉండవచ్చునని 1937లో ప్రతిపాదించినవాడు ఇటలీ భౌతిక శాస్త్రవేత్త ఎత్తోరే మయొరానా. వివరణ కోరదామంటే ఆయన 1938లో పలెర్మోలో నేపుల్స్ ఓడ ఎక్కుతున్నట్టు తెలిపి, ఆ తర్వాత ఎవరికీ కనిపించకుండా పోయాడు. దరఖాస్తుదారు ఆచూకీ లేని ఫైలు ఇన్ని దశాబ్దాలుగా ముందుకు నడవడం నా అనుభవంలో ఇదే మొదటిసారి.

ఇక సరంజామా. ఐదు సెంటీమీటర్ల ఘనాలుగా కోసిన 988 టెల్లూరియం డైఆక్సైడ్ స్ఫటికాలను 19 గోపురాలుగా పేర్చి, మొత్తం 742 కిలోల సరుకును సుమారు 10 మిల్లీకెల్విన్ల దగ్గర, అంటే ఇక అంతకంటే చల్లబడడం కుదరని పరమ శూన్య ఉష్ణోగ్రత కంటే డిగ్రీలో నూరో వంతు పైన ఉంచారు. నక్షత్రాల నడుమ శూన్యం కూడా 2.7 కెల్విన్ల వెచ్చదనంలో హాయిగా ఉన్నప్పుడు ఈ అతి దేనికని అడిగితే, వారి సమాధానం వినడానికి సబబుగానే ఉంది. స్ఫటికం చల్లబడే కొద్దీ దాని ఉష్ణధారణ శక్తి, అంటే దాన్ని వేడెక్కించడానికి పట్టే వేడి, ఉష్ణోగ్రత ఘనానికి అనులోమంగా పడిపోతుందట. అందుచేత ఒకే ఒక్క కేంద్రకం పైన చెప్పినట్టు మారినా ముప్పావు కిలో స్ఫటికం మిల్లీకెల్విన్‌లో నాలుగో వంతు ప్రాంతంలో వేడెక్కుతుందట. దానికి అతికించిన జెర్మేనియం థర్మిస్టర్ అనే ఉష్ణమాపకం ఆ జ్వరాన్ని పసిగడుతుందట. కువోరె అంటే ఇటాలియన్‌లో గుండె. గుండె చల్లబడితేనే నాడి తెలుస్తుందనే వైద్యం మన ఆచార్యులెవరూ చెప్పలేదు కాని, భౌతిక శాస్త్రంలో చెల్లుబాటవుతున్నట్టుంది.

తీవ్రమైన అభ్యంతరం సీసం పద్దు దగ్గర వచ్చింది. చుట్టుపక్కల వికిరణాన్ని ఆపడానికి సీసపు కవచం కట్టడం ఆనవాయితీ. తీరా చూస్తే, గనిలోంచి తాజాగా తీసి కరిగించిన సీసంలో సీసం-210 అనే రేడియోధార్మిక రకం (ఐసోటోపు) ఉంటుంది. అడ్డుకోవలసిన రొదను కవచమే చేస్తుంది. కంచే చేను మేస్తే కంచె మార్చాలి. ఆ ఐసోటోపు అర్ధాయువు, అంటే అందులో సగం తరిగిపోయే కాలం, 22 ఏళ్లు మాత్రమే కనుక, శతాబ్దాలు ఆగితే సీసం తనంతట తానే శాంతిస్తుంది. ఆగే ఓపిక లేని శాస్త్రవేత్తలు, ముందే ఆగి ఉన్న సీసాన్ని వెతుక్కున్నారు. సార్డీనియా తీరంలో రెండు వేల ఏళ్ల కిందట మునిగిన రోమన్ ఓడలో సీసపు దిమ్మలు దొరికాయి. నీటి అడుగున ఉన్నందువల్ల వాటికి అంతరిక్షం నుంచి కురిసే విశ్వకిరణాల తాకిడి కూడా పెద్దగా లేదు. 2010లో, ఒక్కొక్కటి ముప్ఫై కిలోలు దాటే 120 దిమ్మలను కొండ కిందికి తరలించారు. వాటి మీద రోమన్ తయారీదారులు వేసిన ముద్రల భాగాన్ని కోసి పురావస్తు శాఖకు దాచి, మిగిలినది కరిగించి, 4 కెల్విన్ల చలిలో కవచంగా నిలబెట్టారు. కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్న సామెతను ఇంత ఖర్చుతో తిరగరాసినవారు మరొకరు లేరు. రెండు వేల ఏళ్ల నాటి సరుకుకు తరుగుదల ఎంత వేయాలో నిబంధనల పుస్తకంలో నాకు కనబడలేదు. పురావస్తు శాస్త్రజ్ఞులలో కొందరు ఈ కరిగింపు మీద నొచ్చుకున్నారు; ఆ ఒక్క విషయంలో వారి పక్షాన నేను వ్యంగ్యం లేకుండానే ఉన్నాను.

స్ఫటికాలను చైనాలో పెంచి, ఆకాశంలో విశ్వకిరణాలు సోకుతాయన్న భయంతో విమానం ఎక్కించకుండా ఓడలో తెప్పించారు. మడి అంటే అలా ఉండాలి.

అన్నిటికంటే విచిత్రం శీతల యంత్రానిది. హీలియం-3, హీలియం-4ల మిశ్రమంతో నడిచే డైల్యూషన్ రిఫ్రిజిరేటర్ మిల్లీకెల్విన్ల పని చూసుకుంటుంది. అంతకు ముందు 4 కెల్విన్ల దాకా దించేవి పల్స్ ట్యూబులు. ఇవి సెకనుకు 1.4 సార్లు హీలియం వాయువును కొట్టి కొట్టి చల్లబరుస్తాయి. ఆ కొట్టుడుకు పుట్టే కంపనం స్ఫటికం దాకా పాకితే అదీ వేడే. నిశ్శబ్దం కోసం తెచ్చిన యంత్రమే దరువు వేస్తుందన్నమాట. ఇంజినీర్లు గోపురాలను యంత్రం నుంచి విడదీసి వేరే దూలానికి వేలాడదీశారు. అదీ చాలక, ఒక ట్యూబు దరువు మరో ట్యూబు దరువును రద్దు చేసేలా వాటి తాళాన్ని సర్దారు. భజన బృందంలో తాళం కలపడం చూశాం కాని, ఏ శబ్దమూ వినబడకుండా ఉండేటట్టు తాళం కలపడం ఇక్కడే చూశాం. ఇంత చేసిన తర్వాత, మధ్యధరా సముద్రంలో అలలు ఎగసినప్పుడు స్ఫటికాలలో రొద పెరుగుతోందని వారే కనిపెట్టారు. కొండ అడుగుకు వెళ్లినా కడలి వదలలేదు. సముద్రానికి మెమో జారీ చేసే అధికారం ఏ శాఖకు ఉందో నేను విచారిస్తున్నాను.

చివరగా ఫలితం. న్యూట్రినో లేని ఆ క్షయం, అంటే కేంద్రకంలో మొదట చెప్పిన ఆ మార్పు, జరిగే పక్షంలో దాని అర్ధాయువు 22 పక్కన 24 సున్నాలు వేస్తే వచ్చే సంఖ్యకు మించిన ఏళ్లని 2022లో తేల్చారు. విశ్వం వయసు 1380 కోట్ల ఏళ్లే. నేను వేసిన లెక్క ప్రకారం, వారి దగ్గరున్న 206 కిలోల టెల్లూరియం-130లో అటువంటి ఘటనలు ఏడాదికి ముప్ఫైకి మించవు. సున్నా అయినా ఆశ్చర్యం లేదు. ఇదే అతిశీతల పాత్ర అయిన క్రయోస్టాట్‌లో స్ఫటికాలను మార్చి, వేడితో పాటు వెలుగును కూడా పట్టుకునే ‘క్యూపిడ్’ అనే తర్వాతి ప్రయోగం పెడతారట. పాత పాత్రనే మళ్లీ వాడుతున్నందున పొదుపు కింద ఒక మార్కు వేశాను. మిగతా అభ్యంతరాలకు జవాబు ఇవ్వడానికి గడువెంత కావాలని అడిగితే పైన చెప్పిన సంఖ్యనే చూపిస్తారేమోనని సంకోచించి, ఫైలును పెండింగ్‌లో ఉంచాను.