చక్రం ఆపితే చార్జీ పెంచేస్తారా?

మూడు రోజులు జనాన్ని నడిరోడ్డున నిలబెట్టిన బస్సు, లాంచీ యజమానులను బంగ్లాదేశ్ ప్రభుత్వం 2021 నవంబర్ 7, ఆదివారం పిలిచి చార్జీలు పెంచి పంపింది. ఆ నెల 3 రాత్రి డీజిల్ లీటరు 65 టాకాల (అక్కడి కరెన్సీ) నుంచి 80కి పెరిగింది. దానికి నిరసనగా శుక్రవారం బస్సులు, లారీలు, మర్నాడు లాంచీలు ఆగిపోయాయి. పరీక్షలు రాయాల్సినవాళ్లు సర్కారీ బస్సుల ఫుట్‌బోర్డుల మీద వేలాడారు, ఆటోలకు అడిగినంతా ఇచ్చుకున్నారు.

నష్టానికి బండి ఎవరూ నడపరన్నది నిజమే. చౌక డీజిల్ సరిహద్దు దాటి భారత్‌లోకి పోతోందన్న సర్కారు వాదననూ కొట్టిపారేయలేం. కానీ పెంపు లెక్క చూడండి. డీజిల్ పెరిగింది 23 శాతం. దూరప్రాంత బస్సు చార్జీ కిలోమీటరుకు 1.42 నుంచి 1.80 టాకాలకు, అంటే 27 శాతం పెరిగింది. టైర్లు, జీతాలు, అప్పు వాయిదాలు ఆ రాత్రి పెరగలేదే! లీటరుకు 3 కిలోమీటర్లిచ్చే బస్సుకు కిలోమీటరుకు అదనపు ఖర్చు 5 టాకాలు. 40 సీట్లలో 28 నిండితే చాలు, అదనంగా వచ్చేది పదిన్నర. తేడా ఎవరి జేబులోకి? ఢాకా మినీబస్సులో కనీస చార్జీ 5 నుంచి 8కి చేరింది. 100 కిలోమీటర్ల లోపు లాంచీ ప్రయాణానికి 35 శాతం పెంచారు.

సీఎన్‌జీ (గ్యాసు) బస్సులకు పెంపు వర్తించదన్నారు. గ్యాసు రేటు పెరగలేదు కాబట్టి అది న్యాయమే. స్టాపులో నిలబడ్డవాడికి ఏది గ్యాసు బస్సో ఎలా తెలుస్తుంది? సిలిండర్లుండేది బండి అడుగున. పైగా ఢాకాలో అప్పట్లో ‘వే బిల్లు’ పద్ధతి ఉండనే ఉండేది: చెకర్ తలలు లెక్కపెట్టి సంతకం చేసే చోటు దాటితే, రెండడుగుల్లో దిగినా తర్వాతి చెక్ పాయింటు దాకా చార్జీ కట్టాల్సి వచ్చేది. కిలోమీటరు రేటు కాగితం మీదే మిగిలేది.

2018లో రోడ్డు భద్రత కోసం బడిపిల్లలు వీధుల్లోకి వస్తే ఇదే ప్రభుత్వం బాష్పవాయువు వదిలింది. బండ్లు ఆపినవాళ్లకు మాత్రం కుర్చీ వేసింది. లారీలు అప్పటికింకా కదల్లేదు. ఆపితే దక్కుతుందని కళ్లారా చూశాక ఎందుకు కదులుతాయి?

గ్యాసు బస్సులన్నింటికీ అద్దం మీద స్టిక్కర్ వేయించాల్సింది. చార్జీల పట్టిక తలుపు పక్కన అతికించాల్సింది. డీజిల్ తగ్గిన వారంలోనే చార్జీ తగ్గించాలని అప్పుడే రాయించుకోవాల్సింది. యజమానుల ముందు ఈ మాత్రం నోరు విప్పలేని మంత్రులు, ప్రయాణికుల తరఫున చర్చించామని చెప్పుకోవడం మానుకోవాల్సింది.