చౌక పవర్ టూల్స్: కోత పడుతున్నది కంటికి ఆనని చోట

చౌకరకం డ్రిల్లింగ్ మెషిన్, గ్రైండర్, జిగ్‌సా లాంటివి ఇదివరకులా మన్నడం లేదని చేతిపని చేసుకునేవాళ్లు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు. కొట్టిపారేయదగ్గ మాట కాదది. అయితే నాణ్యత పడిపోయిందని ఒక్కమాటలో తేల్చేస్తే అసలు సంగతి చేజారిపోతుంది. కొన్న మొదటి వారంలో ఈనాటి చౌక మెషిన్ బాగానే తిరుగుతుంది. చేతికి తేలిక, పట్టుకోవడానికి రబ్బరు పిడి, వేగం పెంచి తగ్గించుకునే స్విచ్, ముందు చిన్న లైటు. ఒకప్పుడు అడుగుస్థాయి మెషిన్లలో ఇవన్నీ దొరికేవి కావు. దిగజారింది లోపల, కొనేవాడి కంటికి ఆనని భాగాల్లో. దానికితోడు, పాడైతే విప్పి బాగుచేసుకునే వీలు కూడా మెల్లమెల్లగా మాయమవుతోంది. ఈ రెండింట్లో నన్ను ఎక్కువ కలవరపెట్టేది రెండోదే.

మూలకు పడిన ఒక చౌక గ్రైండర్‌ను విప్పి చూడండి. మోటారులో తిరిగే తీగచుట్ట, అంటే ఆర్మేచర్, నల్లగా మాడి ఉంటుంది కాబట్టి మోటారు కాలిపోయిందంటారు. కాలిన మాట నిజమే గానీ, చాలాసార్లు ముందు పోయేది దాని వెనకవైపు బేరింగు. ఈ తరహా మెషిన్లలో తరచూ కనిపించే 608 బేరింగు చాలా చిన్నది. లోపలి రంధ్రం 8 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 22, మందం 7. దానికి రెండు పక్కలా రబ్బరు సీలు వేయొచ్చు, పలుచని రేకు మూతతోనూ సరిపెట్టొచ్చు. రేకు మూతకూ లోపలి రింగుకూ మధ్య సన్నటి సందు ఉంటుంది. ఇనుప రజను, సిమెంటు దుమ్ము ఆ సందులోంచి దూరి గ్రీజులో కలిసిపోతాయి. గుండ్లు అరుగుతాయి, షాఫ్టులో ఆట వస్తుంది, బేరింగు వేడెక్కుతుంది. దాన్ని పట్టుకుని ఉన్న గూడేమో ప్లాస్టిక్‌ది. వేడికి మెత్తబడి వదులవుతుంది. నిమిషానికి వేల చుట్లు తిరిగే ఆర్మేచర్ పక్కకు ఒరిగి, చుట్టూ కదలకుండా ఉండే ఫీల్డ్ ఇనుముకు రాసుకోవడం మొదలుపెడుతుంది. కరెంటు అందించే కార్బన్లు ఆర్మేచర్ చివర ఉండే రాగి కమ్యూటేటర్ మీద నిలవవు, నిప్పురవ్వలు పెద్దవవుతాయి. మాడు వాసన ముక్కుకు తగిలేసరికి అంతా అయిపోయి ఉంటుంది. రెండు రకాల బేరింగుల మధ్య ధర తేడా, మెషిన్ ధరతో పోల్చితే లెక్కలోకి రానంత తక్కువ. ఆ కాస్త మిగుల్చుకోవడం కోసం మెషిన్ మొత్తాన్ని బలిపెడుతున్నారు.

వైండింగ్ తీగ దగ్గరా ఇదే వరస. అల్యూమినియం విద్యుత్ వాహకత రాగిలో సుమారు 61 శాతం. అదే కరెంటును అంతే నష్టంతో పంపాలంటే అల్యూమినియం తీగ అడ్డుకోత వైశాల్యం రాగి తీగకు దాదాపు 1.6 రెట్లు ఉండాలి. ఆర్మేచర్ స్లాట్లలో అంత చోటు ఎక్కడిది? కాబట్టి వేడి పెరుగుతుంది. రాగి పూత ఉన్న అల్యూమినియం తీగైతే చూపుకు తేడాయే తెలియదు, గీకితేనే లోపలి తెల్లటి లోహం బయటపడుతుంది. తీగ మీది ఇన్సులేషన్‌కూ తరగతులున్నాయి. బి తరగతి 130 డిగ్రీల సెల్సియస్ వరకు, ఎఫ్ 155 వరకు, హెచ్ 180 వరకు తట్టుకుంటుంది. వేడి 10 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ ఇన్సులేషన్ ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందని ఎలక్ట్రికల్ ఇంజినీర్లు లెక్క కడతారు. ఈ మోటార్లను చల్లబరిచే ఫ్యాన్ అదే షాఫ్టు మీద ఉంటుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. మెషిన్‌ను గట్టిగా అదిమితే వేగం తగ్గుతుంది, వేగంతోపాటు గాలీ తగ్గుతుంది, సరిగ్గా అప్పుడే కరెంటు పెరుగుతుంది. చల్లదనం ఎక్కువ కావలసిన సమయానికే గాలి తక్కువన్నమాట. మంచి మెషిన్‌లో ఈ కష్టకాలాన్ని ఓర్చుకునేందుకు రాగి, ఇనుము కాస్త ఎక్కువే వేస్తారు. చౌక మెషిన్‌లో మొదట కోత పడేది ఆ మిగులు మీదే. ఎప్పుడో ఒకసారి గోడకు రెండు రంధ్రాలు వేసుకునే ఇంట్లో ఈ లోటు ఏళ్ల తరబడి బయటపడదు. రోజంతా దాని మీదే బతికేవాడికి కొద్ది నెలల్లోనే తెలిసిపోతుంది.

ఇదంతా పెట్టె మీద కనిపించదు. పెట్టె మీద ఉండేవి అంకెలు. పైన పటారం లోన లొటారం అంటే ఏమిటో ఆ అంకెలను లెక్కవేస్తే అర్థమవుతుంది. వాట్లనే తీసుకోండి. గ్రైండర్ మీద 900 వాట్లని ఉంటే అది సాధారణంగా మెషిన్ లోపలికి తీసుకునే విద్యుత్తు. డిస్కు దగ్గర పనికి వచ్చేది అందులో కొంత మాత్రమే, మిగతాది వేడిగా, శబ్దంగా పోతుంది. వృత్తిపనివాళ్ల కోసం తయారుచేసే కొన్ని మెషిన్ల వివరాల్లో ఇన్‌పుట్, అవుట్‌పుట్ రెండూ విడివిడిగా ఇస్తారు. చౌకవాటిలో ఇన్‌పుట్ ఒక్కటే పెద్దక్షరాల్లో ఉంటుంది. ఎక్కువ మింగడమే గొప్పగా చూపించే లేబుల్ అది. పాడు డిజైన్ మోటారుకు ఆ అంకె ఇంకా పెద్దదిగా ఉన్నా ఆశ్చర్యం లేదు. హార్స్‌పవర్‌దీ అదే తంతు. ఒక హార్స్‌పవర్ అంటే సుమారు 746 వాట్లు. పెట్టె మీద ‘పీక్ 5 హార్స్‌పవర్’ అని వేసిన మెషిన్ నిజంగా అంత పని చేయాలంటే కనీసం 3,700 వాట్లు లాగాలి. కింద రేటింగ్ ప్లేటు మీది ఓల్టులనూ ఆంపియర్లనూ గుణించి చూస్తే అందులో సగం కూడా రాని సందర్భాలు ఉంటాయి.

బ్యాటరీ మెషిన్ల దగ్గరకు వస్తే ఇది హద్దు దాటిపోయింది. లిథియం అయాన్ సెల్ ఒక్కొక్కటి సుమారు 3.6 ఓల్టులు, పూర్తిగా చార్జ్ అయితే 4.2. ఐదు సెల్స్ వరుసగా కలిపితే 18, నిండుగా ఉన్నప్పుడు 21. పేరున్న కంపెనీలు ఇదే ప్యాకును ఒకచోట 18 అని, మరోచోట ‘20 మ్యాక్స్’ అని అమ్ముతాయి. చిన్న అక్షరాల్లోనైనా సంగతి చెబుతాయి కాబట్టి అది సరిపెట్టుకోవచ్చు. నట్లు బిగించి విప్పే ఊరూపేరూ లేని ఇంపాక్ట్ రెంచ్‌ల మీద మాత్రం 48వీఎఫ్, 88వీఎఫ్, 128వీఎఫ్, చివరకు 388వీఎఫ్ అని కూడా ముద్రిస్తున్నారు. నిజంగా 88 ఓల్టులు రావాలంటే వరుసగా సుమారు 24 సెల్స్ కావాలి. ఈ ప్యాకుల్లో సాధారణంగా వాడే 18650 రకం సెల్ ఒక్కోటి 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. అరచేతిలో ఇమిడే ఆ ప్యాకులో 24 సెల్స్ పట్టే చోటే లేదు. విప్పితే కనిపించేవి ఐదో, పదో. ‘వీ’ పక్కన ‘ఎఫ్’ చేర్చి, ఇది ఓల్టేజీ కాదు మా మోడల్ పేరు అని తప్పుకునే ఎత్తు ఇది. నాణ్యత తగ్గించడానికీ మోసానికీ మధ్య ఉన్న గీత ఇక్కడ చెరిగిపోయింది.

నిజాయితీగా చెప్పే పద్ధతి లేక కాదు. బల్లకు బిగించే బెంచ్ గ్రైండర్లు, టేబుల్ సా రంపాల రేటింగ్ ప్లేట్ల మీద కొన్నిసార్లు ఎస్1, ఎస్2 అన్న గుర్తులు కనిపిస్తాయి. ఎస్1 అంటే ఆపకుండా నడపవచ్చు. ‘ఎస్2 30 నిమిషాలు’ అంటే అరగంట నడిపి, పూర్తిగా చల్లారేదాకా ఆపాలి. ఇంత చిన్న గుర్తు కొనేవాడికి ఎంత చెబుతుందో చూడండి. తన పనికి ఈ మెషిన్ సరిపోతుందా లేదా అన్నది అక్కడికక్కడే తేలిపోతుంది. చేతిలో పట్టుకునే చౌక డ్రిల్లు మీద ఈ మాట ఉండదు. దాని బదులు ‘హెవీ డ్యూటీ’, ‘ఇండస్ట్రియల్’, ‘ప్రొఫెషనల్’ అని ఉంటుంది. ఆ మాటల వెనక ఏ కొలతా లేదు.

ఇంటి వాడకం, వృత్తి వాడకం వేరువేరన్న సంగతి ఈ పరిశ్రమకు ఎప్పుడో తెలుసు. జర్మనీలోని ఫైన్ సంస్థ 1895లో విద్యుత్‌తో నడిచే హ్యాండ్ డ్రిల్‌ను తెచ్చింది. తుపాకీ పిడి, వేలితో నొక్కే ట్రిగ్గర్ ఉన్న డ్రిల్లుకు బ్లాక్ అండ్ డెక్కర్ 1917లో పేటెంట్ పొందింది, 1946లో ఇళ్లలో వాడేవాళ్ల కోసం విడిగా డ్రిల్లులు తెచ్చింది. 1984లో జనరల్ ఎలక్ట్రిక్ నుంచి చిన్న గృహోపకరణాల వ్యాపారాన్ని కొన్నాక బ్లాక్ అండ్ డెక్కర్ పేరు వంటింటి సామాను మీద కూడా ఎక్కింది. ఆ పేరున్న పనిముట్లను వృత్తిపనివాళ్లు నమ్మడం తగ్గించారు. దాంతో కంపెనీ 1960లోనే కొనిపెట్టుకున్న డీవాల్ట్ పేరును బయటకు తీసి, 1992లో పసుపు రంగు పనిముట్లను వాళ్లకోసం విడిగా మార్కెట్లో పెట్టింది. అప్పుడు రంగు చూసి తేడా తెలుసుకునే వీలైనా ఉండేది. ఇప్పుడు ఒకే అచ్చులోంచి వచ్చిన ఒళ్లు పది పేర్లతో, పది రంగుల్లో దొరుకుతోంది. ఆర్డర్ ఇచ్చినవాడు చెప్పిన ధరను బట్టి లోపలి బేరింగు, తీగ, గేర్లు మారిపోతాయి. ఇవాళ బాగుందని మెచ్చుకున్న మెషిన్, అదే పేరుతో వచ్చే ఏడాది కొంటే అదే అవుతుందన్న హామీ లేదు.

పాత మెషిన్లన్నీ మేలిమివని నేను అనను. మిగిలి పనిచేస్తున్నవాటినే మనం చూస్తాం, పాడైనవి ఎప్పుడో తుక్కులో కలిసిపోయాయి. లోహపు ఒంటితో, కరెంటు బయటికి రాకుండా రెండు పొరల కాపు (డబుల్ ఇన్సులేషన్) లేకుండా ఉన్న పాత డ్రిల్లులు ఎర్తింగ్ సరిగా లేనిచోట ప్రాణాంతకం. కార్బన్లు లేకుండానే తిరిగే మధ్యస్థాయి బ్రష్‌లెస్ బ్యాటరీ మెషిన్లు ఇవాళ చూపిస్తున్న సత్తా ఒక తరం కిందట ఊహించడానికి కూడా కష్టం. తక్కువ ధర మెషిన్ వల్ల పనిలోకి అడుగుపెట్టగలిగిన కుర్రాళ్లూ ఉన్నారు, అది చిన్న మేలేమీ కాదు. పాత చౌక మెషిన్‌కు మాత్రం ఒక గుణం ఉండేది. కార్బన్లు అరిగితే పక్కనున్న రెండు మూతలు స్క్రూడ్రైవర్‌తో విప్పి, కొత్తవి వేసి, ఐదు నిమిషాల్లో మళ్లీ పనిలో పడేవారు. ఇప్పుడు చాలా చౌక మెషిన్లకు ఆ మూతలే లేవు. కార్బన్ మార్చాలంటే ఒళ్లంతా విప్పాలి. విప్పాక సరిపోయే కార్బన్ దొరకదు, దొరికితే స్ప్రింగ్ కుదరదు. ఆర్మేచర్ విడిగా అమ్మరు, గేరు పెట్టె మొత్తం ఒకటే ముద్ద. బ్యాటరీ ప్యాకు ఆకారం మార్చేస్తే నిక్షేపంగా ఉన్న మెషిన్ కూడా పనికిరాదు. బాగుచేసే మెకానిక్ కూలి, విడిభాగం వెతుకులాట కలిపితే కొత్తది కొనడమే నయమనిపిస్తుంది. అలా రెండోది, మూడోది కొనేసరికి ఖర్చు తడిసి మోపెడవుతుంది. మొదట్లోనే మంచిది కొనే స్తోమత లేనివాడే చివరికి ఎక్కువ కడుతున్నాడు. ఈ అన్యాయం నాకు మింగుడు పడదు.

డబ్బు నష్టంతో ఆగితే కొంతలో కొంత నయం. 125 మిల్లీమీటర్ల కటింగ్ డిస్కు నిమిషానికి సుమారు 12,200 చుట్లు తిరిగితే దాని అంచు వేగం సెకనుకు 80 మీటర్లు, అంటే గంటకు 288 కిలోమీటర్లు. ఆ వేగంతో తిరిగే గ్రైండర్ స్విచ్ లోపల కాంటాక్టులు అతుక్కుపోయి ఆఫ్ కాకపోతే, గార్డు పలుచని రేకు అయితే, కరెంటు పోయి వచ్చినప్పుడు దానంతట అదే తిరగడం మొదలుపెడితే ఏం జరుగుతుందో వర్క్‌షాపులో పనిచేసిన ఎవరికైనా తెలుసు. వేళ్లు, కళ్లు పోతాయి. స్విచ్చూ గార్డూ నాసిరకానివి పెట్టి ధర తగ్గించడాన్ని నేను ఏ వాదనతోనూ సమర్థించలేను.

చేతిలో పట్టుకునే విద్యుత్ పనిముట్లకు ఐఈసీ 62841 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. షాక్ కొట్టకుండా, మంటలు రాకుండా, గార్డు ఊడిపోకుండా చూడటం దాని పని. మెషిన్ ఎన్నేళ్లు మన్నాలి, విడిభాగాలు ఎన్నాళ్లు దొరకాలి అన్నవి దాని పరిధిలోకి రావు. యూరోపియన్ యూనియన్ 2024లో తెచ్చిన మరమ్మతు హక్కు ఆదేశం వాషింగ్ మెషిన్లు, ఫోన్లు, వాక్యూమ్ క్లీనర్లతోపాటు వెల్డింగ్ పరికరాలనూ జాబితాలో చేర్చింది. వెల్డర్ పక్కనే ఉండే గ్రైండర్‌కు అందులో చోటు దక్కలేదు. అదే యూనియన్ తెచ్చిన బ్యాటరీల నియంత్రణ చట్టం 2027 ఫిబ్రవరి 18 నుంచి చిన్న బ్యాటరీలను వాడేవాడే తీసి మార్చుకునేలా ఉండాలంటోంది. మంచిదే, కానీ పవర్ టూల్స్‌లో బ్యాటరీ చాలావరకు ఊడివచ్చేదే. ఇక్కడ కావలసింది కంపెనీల మధ్య కుదిరే ఒకే అమరిక. జర్మన్ పనిముట్ల కంపెనీ మెటాబో చొరవతో 2018లో మొదలైన కార్డ్‌లెస్ అలయన్స్ సిస్టమ్ లాంటి కూటముల్లో ఒకే బ్యాటరీ అనేక కంపెనీల మెషిన్లకు సరిపోతుంది. సాంకేతికంగా అడ్డేమీ లేదని దాంతోనే తేలిపోయింది. ఆ సౌకర్యం అడుగుస్థాయి మెషిన్లకూ దిగాలి.

ఫ్రాన్స్ 2021లో కొన్ని వస్తువులకు పదికి ఇన్ని మార్కులని మరమ్మతు సూచీ పెట్టింది. విడిభాగాలు దొరుకుతాయా, వాటి ధరెంత, విప్పడం తేలికేనా అన్నవాటిని బట్టి ఆ మార్కులు వేస్తారు. గడ్డికోసే విద్యుత్ యంత్రం ఆ జాబితాలో ఉంది, తర్వాత ప్రెషర్ వాషర్ కూడా చేరింది. వాటికి కుదిరిన లెక్క డ్రిల్లుకు కుదరకపోవడానికి కారణం కనిపించదు. అవుట్‌పుట్ వాట్లు, ఎంతసేపు ఆపకుండా నడపొచ్చో చెప్పే ఎస్ గుర్తు, ఆర్మేచర్, ఫీల్డ్, స్విచ్, కార్బన్లు, బేరింగుల విడి ధరలు, అవి ఎన్నేళ్లు దొరుకుతాయన్న హామీ పెట్టె మీద అచ్చు వేయించాలి. అంతవరకు కొనేవాడు తనంతట తాను చేయగలిగింది ఒకటుంది. మెషిన్ బేరం ఆడేముందు దాని ఆర్మేచర్, కార్బన్లు విడిగా ఇస్తారా అని అడగాలి. జవాబు రాకపోతే ఆ మెషిన్ ఎంత చౌకైనా అక్కడే పెట్టేసి రావాలి.