పందెం లెక్కలో తరుగు ఎక్కడ?

పందెం కాస్తే ఎంత వస్తుందో చెప్పే కాలిక్యులేటర్లు ఇంటర్నెట్‌లో కొల్లలుగా ఉన్నాయి. డబ్బు కట్టమనవు, పేరు అడగవు. మూడు గడులు ఉంటాయి: ఎంత కాస్తున్నారు, రేటు ఎంత, ఎన్ని మ్యాచ్‌లు కలిపి కాస్తున్నారు. అంకెలు కొట్టగానే కింద పెద్ద అక్షరాల్లో 'మొత్తం రాబడి' కనిపిస్తుంది. ఆ గుణకారంలో పైసా తేడా ఉండదు. నా అభ్యంతరం కూడా సరిగ్గా అదే. తప్పుడు లెక్క చెప్పి మోసం చేసేవాడు ఏదో ఒక రోజు దొరికిపోతాడు. సగం లెక్కను తప్పు లేకుండా చెప్పేవాడు ఎప్పటికీ దొరకడు.

క్రికెట్ పందేల సంగతి నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకులకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. 2017లో నెల్లూరు పోలీసులు బుకీలపై విరుచుకుపడినప్పుడు ఊరంతా ఎన్నాళ్లు ఆ మాటే మాట్లాడుకుందో అందరికీ గుర్తే. 2020 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసింది. నడిపేవారికి 3 ఏళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలు ఇచ్చేవారికి 2 ఏళ్లు, 50 లక్షలు. మంచిదే. అయితే ఈ కాపలా అంతా డబ్బు చేతులు మారే చోట ఉంది. అంతకు ముందే, 'కాస్తే ఎంత వస్తుందో చూద్దాం' అని మనసులో ఆశ మొలిచే చోట కాలిక్యులేటర్ కూర్చుని ఉంది. అది పైసా పుచ్చుకోదు కనుక ఎవరి కంటికీ ఆనదు. దాని పక్కనే పందెం సైట్లకు దారి చూపే లింకు ఉండటం, ఆ దారిన వెళ్లి ఎవరైనా డబ్బు కడితే కమీషన్ ముట్టడం ఈ వ్యాపారంలో మామూలు సంగతి.

నెల్లూరులో ధాన్యం రేటు పుట్టి లెక్కన చెబుతారు. పుట్టి అంటే 850 కిలోలు. 2025-26కు సాధారణ రకం వరికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు, అంటే పుట్టికి 20 వేల పైచిలుకు. ఈ అంకె ఒక్కటే చెబితే ఏ రైతూ కాటా దగ్గరికి రాడు. తేమ ఎంత చూపించారు, తరుగు ఎంత తీస్తారు, హమాలీ ఎవరి నెత్తిన పడుతుంది అని అడుగుతాడు. చేతికి వచ్చేది ఎంతో అప్పుడు తేలుతుంది. కోవూరులోనో విడవలూరులోనో కళ్లం దగ్గర నిలబడ్డ, బడి మొహం చూడని పెద్దాయన కూడా ముందు అడిగేది తరుగు గురించే. ఇంజినీరింగ్ చదివిన ఆయన మనవడు మాత్రం ఫోనులో రాబడి చూసుకుని, తరుగు ఊసెత్తకుండా వెయ్యి రూపాయలు పంపేస్తాడు.

పందెంలో తరుగు లేదా? ఉంది, అదీ రేటులోపలే కలిపేసి ఉంది. రెండు జట్లూ సమవుజ్జీలనుకుందాం. బుకీ రెండింటికీ 90 పైసల రేటు చెబుతాడు. కాలిక్యులేటర్‌లో అది 1.90 అవుతుంది. వెయ్యి కాసి గెలిస్తే చేతికి 1,900 వస్తుంది, అందులో లాభం 900. కాలిక్యులేటర్ ఇక్కడికి వచ్చి ఆగిపోతుంది. ఇంకొక్క భాగహారం చేసి ఉంటే బండారం బయటపడేది. 1ని 1.90తో భాగిస్తే 0.5263. అంటే ఈ రేటుకు నష్టం లేకుండా బయటపడాలన్నా నూటికి 52.63 సార్లు గెలవాలి. రెండో జట్టు మీద కాసినవాడికీ అదే లెక్క. రెండూ కలిపితే 105.26. ఫలితం తేలే మ్యాచ్‌లో రెండు జట్ల గెలుపు అవకాశాలు కలిపి వందే కావాలి కదా, మరి ఆ పైన ఉన్న 5.26 ఎవరిది? ఇద్దరు చెరొక జట్టు మీద వెయ్యి చొప్పున కాస్తే బుకీ దగ్గర రెండు వేలు చేరతాయి. గెలిచినవాడికి 1,900 ఇచ్చి వంద జేబులో వేసుకుంటాడు. ఏ జట్టు గెలిచినా ఆ వందకు ఢోకా లేదు. నూటికి ఐదు తరుగన్నమాట.

ఐదే కదా అనిపించవచ్చు. కాలిక్యులేటర్ అసలు పనితనం మూడో గడిలో చూడాలి. ఐదు మ్యాచ్‌లు కలిపి, ఐదూ గెలిస్తేనే డబ్బు వచ్చేలా అదే 1.90 రేటుకు వెయ్యి కాయండి. తెర మీద 24,761 రూపాయలు మెరుస్తాయి. వెయ్యికి పాతిక వేలు! ఏ చిట్టీ ఇస్తుంది, ఏ బ్యాంకు ఇస్తుంది? ఇక కాలిక్యులేటర్ చెప్పని సగం చూద్దాం. సమానమైన జట్ల మధ్య ఐదుకు ఐదూ సరిగ్గా చెప్పగలిగే అవకాశం 32లో ఒకటి. సగటున 32 సార్లు కాస్తే ఒకసారి తగులుతుంది. పెట్టింది 32,000, వచ్చింది 24,761, పోయింది 7,239. నూటికి ఐదున్న తరుగు ఐదు మ్యాచ్‌లు కలపగానే దాదాపు 23కు చేరింది. నూటికి 23 తరుగు తీసే మిల్లరును మన రైతులు ఊరి పొలిమేర దాటి లోపలికి రానిస్తారా? ఇక్కడ తరుగు పెరిగిన కొద్దీ తెర మీద రాబడి అంకె లావెక్కుతుంది, చూసేవాడికి సంతోషం పెరుగుతుంది.

పోగొట్టుకున్నవాడిని ఊరించడానికి ఇంకో రకం కాలిక్యులేటర్ ఉంది: ఓడిన కొద్దీ పందెం రెట్టింపు చేస్తూ పోవడానికి. వంద ఓడితే రెండు వందలు, అదీ పోతే నాలుగు వందలు. ఎప్పుడో ఒకప్పుడు గెలుస్తాం, గెలిచిన రోజు పోయిందంతా వచ్చేస్తుంది అని నమ్మకం. 90 పైసల రేటుకు ఈ నమ్మకం ఏమవుతుందో కాగితం మీద వేసి చూడండి. వంద, రెండు వందలు, నాలుగు వందలు పోయాయి, మొత్తం 700. నాలుగోసారి 800 కాసి గెలిస్తే 720 లాభం. ఇంత తిప్పలకు మిగిలింది 20 రూపాయలు. నాలుగోదీ ఓడితే పోయింది 1,500 అవుతుంది. ఐదోసారి 1,600 కాసి గెలిచారు, లాభం 1,440. గెలిచిన తర్వాత కూడా 60 రూపాయల నష్టం! గెలిచినా మునిగే పందేన్ని 'రాబడి' అనే పేరుతో చూపించడానికి ఎంత ధైర్యం కావాలి?

లెక్క బాగా తెలిసినవాళ్లు ఇక్కడ కెల్లీ సూత్రం గురించి ఎత్తుతారు. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన జాన్ కెల్లీ 1956లో ప్రచురించిన సూత్రం అది. చేతిలో ఉన్న డబ్బులో ఎంత భాగం కాయాలో చెబుతుంది. నాకు ఆ సూత్రం మీద గౌరవమే. గెలుపు అవకాశం 50 శాతం, రేటు 1.90 అని అందులో వేస్తే జవాబు సున్నాకు 5.6 శాతం కిందకు వస్తుంది. అంటే కాయనే వద్దని అర్థం. చిక్కల్లా ఆ అవకాశం గడిని నింపేది పందెం కాసే మనిషే కావడంలో ఉంది. 50 బదులు 60 అని కొట్టండి, ఉన్న డబ్బులో 15.6 శాతం కాయమంటుంది అదే సూత్రం. ఆ 60 ఎక్కడి నుంచి వచ్చింది? నిన్న రాత్రి చూసిన మ్యాచ్ నుంచి, అభిమాన బ్యాట్స్‌మన్ మీద ప్రేమ నుంచి, టెలిగ్రామ్‌లో ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు పెట్టిన జోస్యం నుంచి. కొట్టిన అంకె ఊహే అయినా బయటకు వచ్చేది దశాంశాలతో సహా వస్తుంది. దశాంశం చూడగానే మనకు అది శాస్త్రమైపోతుంది.

లెక్క వస్తే జూదం లొంగుతుందన్న ఆశ ఈనాటిది కాదు. చెట్టును చూసి ఆకులెన్నో కాయలెన్నో చెప్పగల ఋతుపర్ణుడి దగ్గర విద్య నేర్చుకునే కదా నలుడు పోయిన రాజ్యాన్ని తిరిగి గెలుచుకున్నది! పందెం కాసే కుర్రవాళ్లకు ఈ కథ భలే నచ్చుతుంది. అయితే నలుడూ, అతని రాజ్యాన్ని జూదంలో గెలుచుకున్న పుష్కరుడూ ఎదురెదురుగా కూర్చుని ఆడారు. కలి ఆవహించి ఉండవచ్చు గానీ, నూటికి ఐదు తీసుకునే బుకీ నడుమ లేడు.

పన్ను సంగతి ఒక్క మాటలో చెప్పి ముందుకు వెళ్తాను. పందెంలో గెలిచిన డబ్బుపై ఆదాయపు పన్ను 30 శాతం. ఓడిన డబ్బును అందులోంచి తీసివేసుకునే వీలు లేదు. నిషేధం ఉంది కనుక పన్ను ఉండదనుకోవడం భ్రమ. విదేశీ కాలిక్యులేటర్‌కు ఈ దేశపు పన్ను ఎందుకు తెలుస్తుంది?

కాలిక్యులేటర్ చేసేది గుణకారమే, పాపమంతా వాడుకునే మనిషిదే అనేవారున్నారు. బ్రిటన్ లాంటి చోట్ల పందెం చట్టబద్ధం. అక్కడ 5/2 లాంటి భిన్నాల్లో చెప్పే రేట్లు సామాన్యుడికి అర్థం కావడానికి, కౌంటరులో తక్కువ ఇస్తే పట్టుకోవడానికి ఇవి పనికొస్తాయి. ఒప్పుకుంటాను. పనికొచ్చే ఆ పనిని అవి సగంలో వదిలేయడమే నా ఫిర్యాదు. అదే తెర మీద, అదే సైజు అక్షరాల్లో 'నష్టపోకుండా ఉండాలంటే నూటికి ఎన్నిసార్లు గెలవాలి' అన్న వరుస పెట్టడానికి ఒక్క భాగహారం చాలు. దాన్ని పెట్టమనండి, నేను నోరు మూసుకుంటాను. మన వైపు ఇంకో వాదన వినిపిస్తుంది: రొయ్యల చెరువు మాత్రం జూదం కాదా, వైరస్ వస్తే రాత్రికి రాత్రి లక్షలు పోవడం లేదా అని. పోతాయి. కానీ చెరువులో రొయ్య పెరుగుతుంది, దాన్ని కొనేవాడు ఉంటాడు, మంచి ఏడాదిలో గుంట మీద ఉన్న అందరికీ నాలుగు రూపాయలు మిగులుతాయి. పందెంలో అందరికీ మిగిలే ఏడాది ఉండదు. ఒకరి జేబులోంచి తీసి, తరుగు పట్టుకుని, ఇంకొకరి జేబులో వేయడం తప్ప అక్కడ పుట్టేది ఏమీ లేదు.

నిజానికి నా కోపం కాలిక్యులేటర్ మీద కన్నా మన బడి మీద ఎక్కువ. నెల్లూరు కోచింగ్‌కు పేరుపడ్డ ఊరు. తెల్లవారుజామున స్టడీ అవర్లు, ఆదివారం పరీక్షలు, ర్యాంకుల ఫ్లెక్సీలతో నిండిన రోడ్లు. ఇంత లెక్కలు చేసే ఊళ్లో పందెం రేటును విప్పి చూసే యువకుడు ఎందుకు అరుదు? పదో తరగతి గణితంలో సంభావ్యత పాఠం ఉంది. నాణెం, పాచిక, 52 పేకముక్కలు, అన్నీ జూదపు సామాన్లే. బాగా కలిపిన పేకకట్టలోంచి ఎర్ర రాజు వచ్చే సంభావ్యత ఎంత? ఇరవై ఆరులో ఒకటి. మార్కులు వేసేస్తారు. ఆ ఎర్ర రాజు మీద పది రూపాయలు కాస్తే, వస్తే రెండు వందలు ఇస్తానని ఒకడు ఆశపెడితే, ఆ బేరం ఒప్పుకోవచ్చా అని ఏ ప్రశ్నపత్రమూ అడగదు. 26 సార్లకు 260 పెట్టి 200 తెచ్చుకునే బేరమది. పిల్లవాడికి పాచిక చేతిలో పెట్టాం, డబ్బు ఊసు మాత్రం దాచిపెట్టాం.

ఇంటర్‌లో ఎంపీసీ పిల్లలకు యాదృచ్ఛిక చలరాశి, దాని మధ్యమం అని ఇంకాస్త ముందుకు తీసుకెళ్లారు. మధ్యమం అంటే చాలాసార్లు ఆడితే సగటున ఎంత వస్తుందన్న లెక్క. బుకీ తరుగు కనిపెట్టడానికి కావాల్సింది సరిగ్గా అదే. సూత్రం బట్టీ పట్టించి, ఒక నమూనా లెక్క చేయించి, వదిలేశారు. బైపీసీ, సీఈసీ పిల్లలకు అదీ లేదు. వీళ్లే రేపు యాప్‌లో అప్పు తీసుకునేటప్పుడు నెలవారీ వాయిదా ఒక్కటే చూస్తారు, మొత్తం ఎంత కడుతున్నామో చూడరు. స్థలం కొనేటప్పుడు ఐదేళ్లలో ఎంత పెరుగుతుందో వింటారు, పెరగకపోతే ఏమిటని అడగరు. పెద్ద అంకె చూపించి చిన్న అంకెను చాటున పెట్టే ప్రతి వ్యాపారానికీ మన తరగతి గదులు సిద్ధంగా మనుషులను తయారుచేసి పంపుతున్నాయి.

కాబట్టి 90 పైసల రేటును పదో తరగతి పుస్తకంలోనే ఒక లెక్కగా పెట్టాలి. ఇద్దరు చెరొక వెయ్యి కాశారు, గెలిచినవాడికి 1,900 ఇచ్చారు, మిగిలిన వంద ఎవరిది? ఐదు మ్యాచ్‌లు కలిపితే ఆ వంద ఎంతవుతుంది? ఒంగోలు, నెల్లూరు, కావలిలో ఏ లెక్కల మాస్టారైనా ఒక్క పీరియడ్‌లో చెప్పగలిగేదే. పిల్లలకు బడిలోనే జూదం నేర్పుతారా అని పెద్దలు మండిపడతారని తెలుసు. బారువడ్డీ, చక్రవడ్డీ తరతరాలుగా బడిలో నేర్పుతూనే ఉన్నాం. నేర్చుకున్నవాళ్లంతా వడ్డీ వ్యాపారులు కాలేదు, నోటు రాసేటప్పుడు నూటికి ఎంత అని అడగడం మాత్రం నేర్చుకున్నారు.