థంబ్‌నెయిల్‌కి వేలాడే కోడి

మొన్న శుక్రవారం పొద్దున్న ఆరున్నరకి విజయవాడ నుంచి మా పెద్దమ్మ ఫోన్.

"ఒరే, ఆయన పోయాట్టరా!"

ఎవరని అడగలేదు. మా ఇంట్లో ఈ వాక్యానికి కర్త వారానికి ముగ్గురు మారతారు, క్రియ ఒక్కటే స్థిరం. "మంగళవారం పోయినాయన ఎలా ఉన్నాడు?" అని మాత్రం అడిగాను.

"ఆయన బానే ఉన్నాట్టలే. నిన్న టీవీలో ఏదో ప్రోగ్రాములో నవ్వుతూ కనపడ్డాడు" అంది, కాస్త ఉసూరుమంటూ. ఆయన బతికున్నందుకు కాదు పాపం. ఆయన కోసం అప్పటికే ఓ పూట ఏడ్చేసింది, టిఫిన్ మానేసింది. ఆ ఏడుపూ తిరిగి రాదు, ఆ ఇడ్లీలూ తిరిగి రావు.

వాట్సాప్‌లో యూట్యూబ్ వీడియో లింకు పంపింది. వీడియో తెరవకముందే పైన కనపడే బొమ్మ ఉంటుందే, థంబ్‌నెయిల్ అంటారు, ముందు దాన్ని చూడాలి. పాఠకులు ఇక్కడ తొందరపడకూడదు. లేపాక్షి గుడిలో మెడ పైకెత్తి కప్పు మీది బొమ్మలు చూస్తామే, అంత శ్రద్ధగానూ చూడాల్సిన కళాఖండం ఇది.

ఎడమ పక్క సీనియర్ నటుడు, బ్లాక్ అండ్ వైట్‌లో. ఆయన రంగు ఫొటోలు కావలసినన్ని దొరుకుతాయి. కానీ మనిషి మొహంలో రంగు తీసేస్తే సగం పని అయిపోయినట్టేనని ఈ కళాకారులకు తెలుసు. మెడలో బంతిపూల దండ. అది ఆయన భుజాల మీద ఆనదు, ఒక చెవి మీదుగా గాల్లో తేలుతూ పోతుంటుంది, ఎందుకంటే మంగళవారం దాకా అది ఇంకొకాయన మెడలో ఉంది, కొలతలు ఆయనవి. కింద ప్రమిద. కుడి పక్క ఒక హీరోయిన్ భోరుమని ఏడుస్తుంటుంది, ఏదో సినిమాలో మొగుడు వదిలేసినప్పటి ఏడుపు అది. వెనకాల అంబులెన్సు, దాని మీద ఎక్కడో ఉత్తరాది నంబరు. వీటన్నిటి నడుమ ఎర్రటి సున్నా. సున్నాలో ఏమీ లేదు. ఆ ఏమీ లేని చోటికి దారి చూపిస్తూ పసుప్పచ్చ బాణం, ఎవరైనా తప్పిపోతారేమోనని.

పైన అక్షరాలు: "కాసేపటి క్రితమే..! కన్నీరుమున్నీరవుతున్న కుటుంబం.. షాక్‌లో ఇండస్ట్రీ?"

చివర్న ఆ ప్రశ్నార్థకాన్ని గమనించారా? చిన్నయసూరి నుంచి ఇప్పటిదాకా దానికింత బరువైన ఉద్యోగం ఎవరూ ఇవ్వలేదు. అది ఆ ఛానల్ వారి స్టాండింగ్ కౌన్సెల్, అంటే ఆస్థాన వకీలు. రేపెవరైనా కేసు పెడితే "మేం పోయాడని చెప్పలేదండీ, పోయాడా అని అడిగాం" అంటుంది. సరే, మా ఊళ్లో ఎవడైనా పొద్దున్నే వీధిలో నిలబడి "ఫలానా శేషయ్యగారు పోయారా? పోయారా?" అని గుమ్మం గుమ్మానికీ అడుగుతూ తిరిగితే శేషయ్యగారి కొడుకులు ఏం చేసేవారో నాకు తెలుసు. యూట్యూబ్‌లో అయితే, లక్షమంది సబ్‌స్క్రైబర్లు పోగవ్వగానే వెండి బటన్ పంపిస్తారు.

ఇక వీడియో. నిడివి 11 నిమిషాల 40 సెకన్లు. పెద్దమ్మ అక్కడ మా అక్క ట్యాబ్‌లో, నేనిక్కడ హైదరాబాద్‌లో లాప్‌టాప్‌లో, ఫోన్లు స్పీకర్లో పెట్టుకుని ఒకేసారి మొదలుపెట్టాం. దుఃఖం పంచుకుంటే తగ్గుతుందంటారు కదా.

మొదటి నిమిషం: "హాయ్ ఫ్రెండ్స్! ఈ విషాద వార్తలోకి వెళ్లే ముందు మా ఛానల్‌ని లైక్ చేసి, షేర్ చేసి, పక్కనే ఉన్న బెల్ ఐకాన్ నొక్కండి."

రెండో నిమిషం: "ఆయన గురించి ప్రత్యేకంగా చెప్పనవసరం లేదు." అని చెప్పడం మొదలుపెట్టింది. పుట్టిన ఊరు, నాన్నగారి ఉద్యోగం, నాటకాల పిచ్చి, మద్రాసు రైలు.

"ఎట్లా పోయాడో చెప్పదేంట్రా?" అంది పెద్దమ్మ.

"చెప్తుందిలే, ఆగు. ఇంకా పెళ్లి కూడా కాలేదాయనకి."

నాలుగో నిమిషంలో పెళ్లయింది. పెళ్లవగానే బంగారం తాకట్టు కంపెనీ ప్రకటన. ఆరో నిమిషంలో ఆ అమ్మాయి గొంతు తగ్గించి "వివరాల్లోకి వెళితే.." అంది. ఇద్దరం సర్దుకు కూర్చున్నాం. పెద్దమ్మ కళ్లజోడు తుడుచుకున్న చప్పుడు కూడా వినపడింది. అమ్మాయి వివరాల్లోకి వెళ్లింది, వెళ్లి మళ్లీ ఆ పుట్టిన ఊళ్లోనే తేలింది. ఏడో నిమిషంలో ఇంకోసారి మద్రాసు రైలెక్కాడు. ఎనిమిదింబావుకి మోకాళ్ల నొప్పుల నూనె. పెద్దమ్మ దాని పేరు రాసుకుంది.

పదో నిమిషం దాటాక, వయొలిన్ ఏడుస్తుండగా, సంగతి బయటపడింది. ఆయన ప్రాణప్రదంగా పెంచుకున్న కుక్క 1998లో చనిపోయిందట. ఆయనప్పుడు ఔట్‌డోర్ షూటింగులో ఉన్నాడట. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదట.

కాసేపటి క్రితమే! నిజమే మరి, భూమి పుట్టిన దగ్గర్నుంచి లెక్కేసుకుంటే 1998 అంటే ఇందాకటి మాటేగా.

చావింటి నుంచి వచ్చేటప్పుడు "వెళ్లొస్తా" అనకూడదని మనకో పట్టింపు ఉంది. ఆ అమ్మాయికి అలాంటివేం లేవు. "మరో వీడియోతో మళ్లీ కలుద్దాం, బై ఫ్రెండ్స్" అని నవ్వుతూ వెళ్లిపోయింది. అవతల కాసేపు నిశ్శబ్దం.

"పాపం, ఏ జాతి కుక్కో" అంది పెద్దమ్మ.

ఈ వంట నేనింతకు ముందెక్కడో తిన్నానే అని రోజంతా తన్నుకులాడితే సాయంత్రానికి గుర్తొచ్చింది. 1987. జంధ్యాల గారి 'అహ నా పెళ్లంట'. పిసినారి లక్ష్మీపతి, అంటే మన కోట శ్రీనివాసరావు, కోడిని పైన వేలాడదీసి, కంచం ముందు పెట్టుకుని, దాని వంక చూస్తూ ఉత్త అన్నం తింటాడే, అదీ! కోడి కళ్లకి, మెతుకులు నోటికి. యూట్యూబ్ పుట్టింది 2005లో. అంటే అమెరికావాళ్లు కంపెనీ పెట్టడానికి పద్దెనిమిదేళ్ల ముందే మనవాళ్లు థంబ్‌నెయిల్ కనిపెట్టి, షూటింగు చేసి, హాల్లో నూరు రూపాయల నవ్వు రూపాయికి నవ్వించి పంపేశారు. పేటెంటు తీసుకోవడం ఒక్కటే మర్చిపోయారు.

కాకపోతే లక్ష్మీపతికి ఓ నిజాయితీ ఉంది. తన కోడిని తనే కట్టుకున్నాడు, తన మెతుకులు తనే తిన్నాడు. వీళ్లు కోడిని మన నెత్తిన కడతారు. మెతుకులు కూడా వాళ్లవి కావు, వికీపీడియావి.

ఆ నత్తనడకకి కారణం ఉందండోయ్, ఆ అమ్మాయిని తిట్టుకోకండి. వీడియో ఎనిమిది నిమిషాలు దాటితేనే మధ్యలో ప్రకటనలు జొప్పించుకోవచ్చని యూట్యూబ్ రూలు. 2020 జులై దాకా అది పది నిమిషాలు ఉండేది, దయతలచి తగ్గించారు. అంచేత కుక్క పోయిందన్న ముక్క ఇరవై సెకన్లలో చెప్పేస్తే తాకట్టు కంపెనీ ఎక్కడ దూరాలి? మోకాళ్ల నూనె ఎక్కడ పొయ్యాలి? మా పెద్దమ్మ కన్నీళ్లు ఎనిమిది నిమిషాలు నిండేదాకా పాడి గేదె పాలు. ఆ పైన చెంబుకింత లెక్క.

"ఈ ఫొటోలోని చిన్నారి ఇప్పుడు కుర్రకారు గుండెల్లో గుబులు.. గుర్తుపట్టారా?" అనే జాతి ఒకటి వేరే ఉంది, దాని జోలికి ఇవాళ పోను. మూడేళ్ల పసిపిల్ల ఫొటో కింద ఆ మాట రాయడానికి చేతులెలా వస్తాయో, వాటికి ప్రశ్నార్థకాలెందుకో, ఇంకోసారి మాట్లాడుకుందాం.

ప్రస్తుతానికి సినిమా పరిశ్రమకి నాదో వినయపూర్వక ప్రతిపాదన. గవర్నమెంటు పింఛనుదారులు ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇస్తారు కదా, వేలిముద్ర వేసి, ఫలానా నేను బతికే ఉన్నాను మహాప్రభో అని. అరవై దాటిన నటీనటులందరికీ అదే పద్ధతి పెట్టాలి. ఫిల్మ్‌నగర్‌లో ఓ కౌంటరు తెరవాలి. నవంబరు 1న క్యూలో నిలబడి, బొటనవేలు పెట్టి, "పై నటుడు ఈ తేదీన నా ఎదుట ఊపిరి పీల్చుకున్నాడు" అని ఛానల్ అధిపతి చేత సంతకం చేయించుకోవాలి. హాస్యనటులైతే కౌంటరు దగ్గర ఒకసారి నవ్వించాలి. విలన్లు మొహం చిట్లించి చూపిస్తే చాలు. సర్టిఫికెట్ లేనివాళ్లకి డిసెంబరు 1న దండ. ఈ ఏర్పాటు లేకే, వేణుమాధవ్ అంతటి హాస్యనటుడు బతికుండగా తను బతికున్నానని చెప్పుకుంటూ తిరగాల్సి వచ్చింది.

యూట్యూబ్ వారూ ఊరుకోలేదులెండి. భారతదేశంలో ఇలాంటి మోసపు శీర్షికల మీద, అందులోనూ తాజా వార్తల పేరుతో చేసేవాటి మీద, చర్య తీసుకుంటామని 2024 డిసెంబరులో ప్రకటించారు. ఆ ప్రకటన మా పెద్దమ్మ ఫోనుకి ఇంకా చేరలేదు. దండ మాత్రం రోజూ చేరుతోంది.

అయితే నవ్వుతూ రాద్దామని కూర్చున్న నాకు ఇక్కడికొచ్చేసరికి నవ్వు రావడం లేదు.

2023 మార్చి 21. మర్నాడు ఉగాది. పొద్దున్నే కోట గారు పోయారని ఫోన్లలో తెగ తిరిగింది. అదే కోట, ఆ కోడిని వేలాడదీసిన లక్ష్మీపతి. ఆయనకప్పుడు ఎనభై ఏళ్లు. పండగ పనులు చూసుకోవాల్సిన మనిషి పొద్దుటి నుంచీ ఎత్తిన ఫోనల్లా "నేనేనండీ, ఉన్నానండీ" అని చెప్పుకుంటూ కూర్చున్నాడు. పెద్దాయన పోయాడు, జనం వస్తారు, బందోబస్తు కావాలని పోలీసులు వ్యానేసుకుని ఇంటికొచ్చేశారు. వాళ్లకి తలుపు తీసింది ఏ మొహాలో ఒక్కసారి ఊహించండి. చివరికి ఆయనే కెమెరా ముందు కూర్చుని, నేను బతికే ఉన్నాను, ఇలాంటివి నమ్మకండి అని వీడియో చేయాల్సి వచ్చింది.

అందులో నవ్వడానికేముంది? 2010లో కొడుకు రోడ్డు ప్రమాదంలో పోయాడన్న కబురు విన్న ఇల్లది. అలాంటి ఇంట్లో పొద్దున్నే ఫోన్ మోగితే ఎలా ఉంటుందో తెలుసా మీకు? మీ దండకి, మీ సున్నాకి, మీ పసుప్పచ్చ బాణానికి తెలుసా? నలభై అయిదేళ్లు మనల్ని నవ్వించి, ఏడిపించి, భయపెట్టి, మన ఇళ్లలో మేనమామలకి, పీనాసి బాబాయిలకి తన మొహం అరువిచ్చిన మనిషిని ఎనభయ్యోయేట కుర్చీలో కూర్చోబెట్టి, బతికున్నట్టు రుజువు చూపించమంటార్రా? ఎంతొచ్చింది ఆ పూటకి? మోకాళ్ల నూనె వాడు ఎంతిచ్చాడు? ఆ డబ్బుతో ఏం కొనుక్కు తిన్నారో గానీ, అది మీ గొంతు దిగిందా? చదివి ఒకటికి పదిమందికి పంపిన మనకి దిగింది, అది ఇంకా సిగ్గుచేటు. నేనూ పంపాను. మా ఆఫీసు గ్రూపులో మొదట పెట్టింది నేనే. చేతులు జోడించిన బొమ్మ కూడా పెట్టాను.

మా పెద్దమ్మ మాత్రం ఆ రోజు ఆయన వీడియో నాలుగుసార్లు చూసింది. ఆయన 1999లో విజయవాడ తూర్పు నుంచి ఎమ్మెల్యేగా నిలబడ్డప్పుడు ఓటేసిన మనిషి ఆవిడ. "నేను గెలిపించినవాడు, అంత తేలిగ్గా పోతాడా" అని చుట్టుపక్కల నాలుగిళ్లకీ చెప్పి వచ్చింది. ఆ తర్వాత కూడా ఎవరు పోయారన్నా నమ్మేది, ఏడ్చేది, ఇడ్లీ మానేసేది. కోట గారు పోయారంటే మాత్రం నమ్మేది కాదు. "ఆయనే చెప్పాడుగా నమ్మొద్దని!"

2025 జులై 13, ఆదివారం. తెల్లవారుజామున ఆయన నిజంగానే పోయారు. ఎనభై మూడో పుట్టినరోజు వెళ్లి మూడు రోజులైంది. ఈసారి నేనే ఫోన్ చేశాను.

"మళ్లీ చంపారా ఆయన్ని?" అంది. వెనకాల కుక్కరు కూత పెడుతోంది. "పనీపాటా లేదా మీకు?"

"టీవీలో వస్తోంది పెద్దమ్మా, చూడు."

"చూశాలేరా. వాళ్లూ ఆ ఫోన్లలో చూసే వేస్తారు. నువ్వు అన్నం తిను."

మధ్యాహ్నం ఇంకోసారి చెప్పాను. పప్పులో ఉప్పెక్కువైందని చెప్పి పెట్టేసింది. మహాప్రస్థానంలో అంత్యక్రియలు కూడా ఆ రోజే అయిపోయాయి.

చీకటి పడ్డాక తనే ఫోన్ చేసింది. గొంతు తగ్గించి, పక్కనెవరో వింటారన్నట్టు అడిగింది.

"ఇంకా వీడియో పెట్టలేదేంట్రా ఆయన?"