మార్చి 31 గారికి ఒక చెరువుగట్టు విన్నపం

మహారాజశ్రీ మార్చి 31 గారి దివ్య సముఖానికి,

ఒక చిన్న ఊరి చెరువు సంరక్షణ సంఘం కార్యదర్శి నమస్కరించి రాసుకునే విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమం. చెరువులో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు కూడా క్షేమమే. వాటికి ఇంకా ఆడిట్ మొదలుకాలేదు.

తమరు ఈ గద్దె మీద నూట యాభై ఏళ్లు దాటి కూర్చున్నారు. 1867లో తెల్లదొరలు తమ దేశపు లెక్కలతో సరిపోవాలని మన ఖజానాకు ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఏడాది పెట్టారు. దొరలు ఓడెక్కి వెళ్లిపోయారు, తమరు ఉండిపోయారు. 1985లో ఎల్.కె. ఝా కమిటీ మన వానల తీరు చూసి, లెక్కల సంవత్సరాన్ని జనవరికి మార్చండి మహాప్రభో అంది. ప్రభుత్వం కుదరదంది. 2016లో శంకర్ ఆచార్య గారి అధ్యక్షతన మళ్లీ ఒక కమిటీ వేశారు. తమరు అంగుళం కదల్లేదు. ఈ దేశంలో ఎవరి కుర్చీకీ ఇంత గ్యారంటీ లేదు.

ఇక అసలు సంగతి. మా చెరువును పక్షులకు పనికొచ్చేలా బాగుచేస్తామని కిందటేడు ఏరువాక రోజుల్లో ఒక చిన్న గ్రాంటుకు దరఖాస్తు పెట్టాం. దసరాకు మంజూరు అన్నారు. సంక్రాంతికి సంతకం అయిందన్నారు. డబ్బు ఫిబ్రవరిలో అకౌంటులో పడింది. వెంటనే మెయిల్ వచ్చింది: మార్చి 31లోగా మొత్తం ఖర్చుపెట్టి యూసీ పంపాలి, మిగిలిన సొమ్ము వెనక్కి కట్టాలి. యూసీ అంటే యుటిలైజేషన్ సర్టిఫికెట్, అంటే సొమ్ము ఖర్చయిందన్న ధ్రువపత్రం, అని తమకు చెప్పడమేమిటి, అది తమరి ఇంటి ఆడపడుచే కదా.

అయ్యా, చెరువు పని ఎప్పుడు చేస్తారో మా ఊళ్లో పశువులు కాసే కుర్రాడికి కూడా తెలుసు. పూడిక తీయాలంటే నీళ్లు ఇంకాలి, అంటే ఎండలు ముదిరి ఏప్రిల్, మే రావాలి. ఫిబ్రవరిలో జేసీబీ దింపితే బురదలో కూరుకుపోయి, దాన్ని లాగడానికి ఇంకో జేసీబీ కావాలి. దానికి పద్దు లేదు. పైగా అప్పటికి గూళ్లలో పిల్లలుంటాయి. ఆ మోతకు తల్లి లేచిపోతే పిల్లను ఎండా, కాకీ పంచుకుంటాయి. గట్టు మీద నల్లతుమ్మ, మద్ది, నేరేడు మొక్కలు పెట్టాలంటే మృగశిర కార్తె రావాలి, జూన్‌లో ఒక మంచి వాన పడాలి. అసలు పనులన్నీ తమరు దాటిపోయాకే మొదలవుతాయి. దరఖాస్తులో క్వార్టర్ ఒకటి, క్వార్టర్ రెండు అని గళ్లున్నాయి తప్ప రోహిణి, మృగశిర, ఆరుద్ర అని లేవు.

పక్షులు ఏ దేశం నుంచి వస్తాయి అన్న గడి మాత్రం ఉంది. ఈ గూడబాతులూ, ఎర్రకాళ్ల కొంగలూ మన దేశంలోనే పుట్టి మన దేశంలోనే తిరిగేవి. కానీ శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురానికి వచ్చే ఇవే పక్షుల గురించి పేపర్లు ఏటా సైబీరియా అతిథులనే రాస్తాయి కాబట్టి, మేమూ సైబీరియా అని నింపితే ఫైలు చురుగ్గా కదులుతుందని ఒక పెద్దమనిషి సలహా ఇచ్చాడు. సొంత దేశపు పక్షికి ఇల్లు కట్టడానికి ఎవరు డబ్బిస్తారండీ!

మరి నెలన్నరలో ఏం ఖర్చుపెట్టగలం? తమరి హయాంలో చెల్లేవి కొన్నున్నాయి. అవగాహన సదస్సు చెల్లుతుంది, భోజనాలతో సహా. టోపీలు, టీషర్టులు చెల్లుతాయి. ప్లాస్టిక్ వద్దు అని రాసిన ఫ్లెక్సీ చెల్లుతుంది. అన్నిటికన్నా బాగా చెల్లేది గట్టు మీద పాతిన బోర్డు. దాన్ని తమరు స్వయంగా చూడాలి. మనిషెత్తు సిమెంటు దిమ్మ, దాని మీద ఇనుప రేకు, పైన దాతల లోగోలు వరసగా, వాటి కింద మా సంఘం పేరు చీమంత. మధ్యలో గులాబీ రంగు రాజహంస. మా చెరువుకు రాజహంస ఏనాడూ రాలేదు. పులికాట్ సరస్సు పక్షి అది. ఇదేంటి బాబూ అంటే, గూడబాతు నల్లగా, మాసినట్టు ఉంటుంది, ప్రింటింగులో తేలదు అన్నాడు షాపతను. ఆ దిమ్మ మీద ఇప్పుడు బుడుబుంగల్ని వేటాడే ఒక పిల్లి ఎండ కాచుకుంటోంది. ఒక జీవికి ఆవాసం కల్పించాం అని రిపోర్టులో రాయొచ్చా, దయచేసి తెలియజేయగలరు.

పశువుల ఎరువు సంగతి ఇంకా బాగుంటుంది. రెండు ట్రాక్టర్ల పేడ ఎరువు కావాలి. మా వీధి చివర ముసలామె దిబ్బ ఇస్తానంది. రూలు ప్రకారం మూడు కొటేషన్లు, పాన్ నంబరు, బిల్లు కావాలి. మా ఊళ్లో లెటర్‌హెడ్ ఉన్న పేడదిబ్బలు లేవని పైకి రాశాం. కనీసం రెవెన్యూ స్టాంపు మీద వేలిముద్ర తీసుకోండి అన్నారు. ఆవిడ స్టాంపు చూసి బెదిరిపోయి, "పొలం ఏమైనా రాయించుకుంటున్నార్రా?" అని దిబ్బ అమ్మకమే మానుకుంది. చివరికి పట్నం నుంచి బస్తాల్లో వర్మీకంపోస్టు తెచ్చాం, బిల్లుతో సహా.

ఇది మా ఒక్కరి గోడు కాదు. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు సుమారుగా జనవరి నుంచి ఏప్రిల్ దాకా గుడ్లు పెడతాయి. కుక్కలూ నక్కలూ తవ్వుకుపోకుండా మత్స్యకార కుర్రాళ్లు రాత్రిళ్లు తిరిగి, ఆ గుడ్లు ఏరి, కంచె కట్టిన హేచరీలో మళ్లీ పాతిపెడతారు. గుడ్డు పిల్ల కావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. మార్చి 10న పెట్టిన గుడ్డు ఏప్రిల్ చివర్లోగానీ పగలదు. హేచరీ డబ్బు తమరి గడువుతో వచ్చిందనుకోండి, కాపలా కుర్రాడి కూలి ఏప్రిల్ 1 నుంచి సున్నా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో వేట నిషేధం కూడా. అంటే ఆ కుర్రాడికి పడవ పనీ ఉండదు. సరిగ్గా అతనికి డబ్బు కావలసిన రోజున, సరిగ్గా పిల్లలు ఇసుకలోంచి పైకొచ్చే వేళకు, తమరు తాళం వేసుకుని వెళ్లిపోతారు. యూసీ తాబేలు చేతికిస్తే ఫిబ్రవరిలోనే గుడ్లు పగలగొడుతుందని తమరి నమ్మకమేమో.

గడువంటే మాకు అసలు గిట్టదని అనుకోకండి. తమరి దూరపు బంధువు ఒకాయన 2020 జనవరి 31న వచ్చాడు. ప్రతి స్థానిక సంస్థకూ జీవవైవిధ్య కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలని 2002 చట్టం. ఏళ్ల తరబడి అది నత్తనడక నడిచింది. ఆ తేదీలోగా పూర్తిచేయకపోతే నెలకు పది లక్షలు కట్టాలని పర్యావరణ కేసులు చూసే హరిత ట్రైబ్యునల్ రాష్ట్రాలకు చెప్పింది. ఇక చూడండి, కమిటీలు లక్షల్లో మొలిచాయి. ఊళ్లో ఏ పిట్ట ఏ కాలంలో వస్తుందో అన్ని రుతువులూ చూసి రాయాల్సిన పుస్తకం ఆ రిజిస్టరు. గడువు ముంచుకొస్తే రుతువులు కూడా ఓవర్‌టైం చేస్తాయి కాబోలు.

అందరి మీదా తమరికి ఇంత కోపం లేదు లెండి. పెద్ద కంపెనీలు సామాజిక బాధ్యత కింద చేసే సీఎస్ఆర్ పనిని ఆన్‌గోయింగ్ ప్రాజెక్టు అని రాసుకుంటే, మిగిలిన డబ్బు ప్రత్యేక ఖాతాలో వేసి తర్వాత మూడేళ్ల దాకా వాడుకోవచ్చు. కానీ మా దాకా వచ్చే చిన్న మొత్తం మీద ఆ మాట ఎవరూ రాయరు. కొంగ గూడు ఆన్‌గోయింగ్ కాదట, వన్‌టైమ్ యాక్టివిటీ అట. పోనీ విదేశీ విరాళం వచ్చే పెద్ద సంస్థలను అడుగుదామంటే, 2020లో చట్టం మార్చాక వాళ్లు ఆ డబ్బును మరో సంస్థకు బదిలీ చేయడానికి వీల్లేదు.

మేము కోరేది పెద్ద వరమేమీ కాదు. ఇచ్చే సొమ్ము పెంచమనడం లేదు. అదే సొమ్మును రెండు వానాకాలాల మీద పరచుకోనివ్వండి. మొదటి ఏడు నాటిన మొక్కకు రెండో వేసవిలో రెండు ట్యాంకర్ల నీళ్లు పోయడానికి కొంత మిగుల్చుకోనివ్వండి. మొక్క చచ్చేదీ బతికేదీ ఆ రెండో వేసవిలోనే తేలుతుంది. మార్చి ఆఖరి వారంలో ఫొటో కోసం నాటించిన మొక్కలు ఏమయ్యాయో మా మేకల్ని అడగండి, సాక్ష్యం చెబుతాయి.

ఇదంతా నమ్మకపోతే తమరే ఒకసారి రండి. ఏప్రిల్ ఇరవై తర్వాత ఏ రోజైనా సరే, చెరువు అడుగు నెర్రెలు విచ్చి ఉంటుంది, పని చేయడానికి అంతకన్నా మంచి అదను లేదు. పార మేమిస్తాం. రానూపోనూ చార్జీలు మాత్రం తమరే పెట్టుకోవాలి. ప్రయాణ భత్యం పద్దులో మిగిలిన నాలుగు వందలూ తమరి ఆజ్ఞ ప్రకారం వెనక్కి కట్టేశాం, రసీదు ఇంకా రాలేదు.

ఇట్లు,
తమరి విధేయుడు,
చెరువు సంరక్షణ సంఘం కార్యదర్శి
(వచ్చే ఏడాది దరఖాస్తు కూడా ఇదే సంతకంతో పంపాలి కాబట్టి పేరు రాయడం లేదు)