సాగర్‌కు 25 గేట్లు చాలవా?

నాగార్జునసాగర్ డ్యాముకు 26 క్రెస్ట్ గేట్లున్నాయని చిన్న పిల్లలకు కూడా తెలుసు. అయితే నల్లగొండ నుంచి పాలమూరు దాకా విద్యార్థుల ప్రాజెక్టు ఎగ్జిబిషన్లలో థర్మకోల్ డ్యాము పక్కన పెట్టే, ఎన్ని గేట్లు తెరిచారో లెక్కబెట్టే డిజిటల్ కౌంటర్‌ను ఒకసారి నిలబడి చూడండి. 25 దాకా చక్కగా లెక్కబెట్టి సున్నాకు పోతుంది. మరి తప్పెవరిది? మార్కులు వేసేశారు, రికార్డు మీద సంతకమైంది, ఎక్స్‌టర్నల్ సారు భోంచేసి బస్సెక్కారు. ఇంత జరిగాక కౌంటర్ తప్పనడం న్యాయం కాదు. ఒక గేటు తగ్గించుకోవాల్సింది డ్యామే.

గిట్టనివాళ్లు మాత్రం 26వ గేటు ఎక్కడ మాయమైందో విప్పి మరీ చూపిస్తున్నారు. 74160లు, అంటే 0 నుంచి 9 దాకా లెక్కబెట్టే ఐసీ చిప్పులు, రెండు తీసుకుంటారు, ఒకటి ఒకట్లకు, ఇంకోటి పదులకు. 26 అంటే బీసీడీలో, అంటే ఒక్కో అంకెను నాలుగు బిట్లలో రాసే పద్ధతిలో, 0010 0110. పదుల ఐసీ నుంచి క్యూబీ (2 విలువ బిట్), ఒకట్ల ఐసీ నుంచి క్యూబీ, క్యూసీ (4 విలువ బిట్), ఈ మూడూ, అన్నీ 1 అయితేనే 0 ఇచ్చే 7410 న్యాండ్ గేటుకిచ్చి, దాని అవుట్‌పుట్‌ను రెండు ఐసీల్లో 0 పడితే లెక్కను తుడిచే క్లియర్‌కు, అంటే 1వ పిన్నుకు, కలుపుతారు. 74160లో క్లియర్, క్లాక్ కోసం, అంటే లెక్కను ఒక మెట్టు ఎక్కించే పల్స్ కోసం, ఆగదు. 26 పడీ పడకముందే తుడిచేస్తుంది, ఆ నానోసెకన్ల ముచ్చట కంటికి ఆనదు. పైగా మూడు బిట్లలో ఏది ముందు సున్నా అయితే అప్పుడే న్యాండ్ తన చెయ్యి తీసేస్తుంది, తుడవాల్సినవి ఇంకా ఉన్నా సరే. అందుకే ఒక్కోసారి లెక్క సున్నాకు బదులు 20 నుంచో 4 నుంచో మళ్లీ మొదలవుతుంది. కొత్త గేట్లు కట్టకుండానే ఇంత వైవిధ్యం ఇంకెవరిస్తారు?

ఇంతకీ వాళ్ల అసలు కోపం రిపుల్ కౌంటర్ మీద. అట్లాంటిదే 7493, అందులో ఒక్కో ఫ్లిప్‌ఫ్లాప్‌కు, అంటే ఒక్క బిట్‌ను పట్టి ఉంచే సర్క్యూట్‌కు, క్లాక్ ముందున్న ఫ్లిప్‌ఫ్లాప్ నుంచే వస్తుంది, అది కదిలేదాకా ఇది కదలదు. 7 నుంచి 8కి పోవాలంటే 6, 4, 0 మీదుగా పోతుంది. ఎల్ఈడీ పెట్టి చూస్తే ఎవరికీ తెలియదు. తెలిసేదల్లా 4 కోసమో 6 కోసమో కాచుకుని, అది పడగానే పల్స్ ఇచ్చే డీకోడర్‌కు. దాని వెనకాల ఇంకో కౌంటర్ క్లాక్ ఉంటే, అది రాని 4ను కూడా లెక్కేసుకుంటుంది. అన్ని ఫ్లిప్‌ఫ్లాప్‌లకూ ఒకే క్లాక్ ఉండాలట! నల్లగొండలో ఊరంతటికీ క్లాక్ టవర్ సెంటర్ ఒక్కటే ఉంది, దాన్ని చూసి టైముకు వచ్చేవాళ్లు ఎందరు? ఫ్లిప్‌ఫ్లాప్‌లకే ఎందుకీ శిక్ష?

0 నుంచి 9 దాకా లెక్కబెట్టే 7490 ఐసీ అయితే మరీ మంచిది. దీనికి 5 వోల్టులు 5వ పిన్నుకు, గ్రౌండు 10కి. చాలా 14 పిన్నుల ఐసీల్లాగే 14కు, 7కు ఇచ్చినవాళ్లు మధ్యాహ్నం దాకా ట్రైనర్ కిట్‌ను తిడతారు. 2, 3, 6, 7 రీసెట్ పిన్నులను గ్రౌండు చేయకుండా గాలికి వదిలేస్తే టీటీఎల్ రకం ఐసీ వాటిని 1గానే తీసుకుంటుంది. అందులో 9కి సెట్ చేసే 6, 7 పిన్నుల మాటే నెగ్గుతుంది కాబట్టి డిస్‌ప్లే మీద 9 పడి ఇక కదలదు. ఇంత స్థిరమైన కౌంటర్‌ను కాదని వేరేది అడగడం అత్యాశ.

సింక్రనస్ ఐసీ, అంటే ఫ్లిప్‌ఫ్లాప్‌లన్నీ ఒకే క్లాక్‌కు కదిలేది, కొన్నా భయం లేదు, దాన్నీ మనదారికి తెచ్చుకోవచ్చు. ఒకట్ల 160 ఆర్‌సీఓను, అంటే 9 పడిందని చెప్పే 15వ పిన్నును, పదుల 160 క్లాక్‌కు కలిపితే చాలు. ఆర్‌సీఓ 9 పడగానే పైకి లేస్తుంది, 9 దాటాక కాదు. కాబట్టి 08 తర్వాత 19, దాని తర్వాత 10. వరద ఒక్కసారిగా ఎట్లా పెరుగుతుందో పిల్లలకు చూపించడానికి ఇంతకంటే మంచి సాధనం లేదు.

వాళ్లు చెప్పే పద్ధతి వినండి. రెండింటికీ ఒకే క్లాక్, ఒక కిలోహెర్ట్జ్ చాలట. ఒకట్ల ఆర్‌సీఓ పదుల ఈఎన్‌టీకి, అంటే లెక్కబెట్టడానికి అనుమతిచ్చే 10వ పిన్నుకు. గేటు స్విచ్ ఒక్కసారి నొక్కితే కొన్ని మిల్లీసెకన్లు దడదడలాడుతుంది కనుక 10 కిలో ఓముల రెసిస్టర్, 1 మైక్రోఫారడ్ కెపాసిటర్, తర్వాత ఆ సిగ్నల్‌ను శుభ్రంగా 0 లేదా 1 చేసే 7414 ష్మిట్ ట్రిగ్గర్. అక్కడి నుంచి 74175లో వరసగా మూడు ఫ్లిప్‌ఫ్లాప్‌లు. రెండోదాని అవుట్‌పుట్ క్యూ, మూడోదాని తిరగేసిన అవుట్‌పుట్ క్యూబార్ 7400 న్యాండ్ గేటుకిస్తే ఒక్క క్లాక్ వెడల్పున్న పల్స్ వస్తుంది. దాన్ని తిరగేసి రెండు ఐసీల ఈఎన్‌పీకీ, అంటే రెండో అనుమతి పిన్నైన 7వ పిన్నుకు, ఇవ్వాలి. పదుల ఈఎన్‌పీని 5 వోల్టులకు కట్టేశారా, ఒకట్లు 9 మీద కూర్చున్నంతసేపు పదులు ప్రతి క్లాక్‌కూ పరుగెత్తుతాయి.

26 పట్టడానికి ఎనిమిది దారుల డిప్ స్విచ్ (సంఖ్యను చేత్తో పెట్టే చిన్న స్విచ్చుల వరస), ఎనిమిది 10 కిలో ఓముల పుల్‌అప్ రెసిస్టర్లు, రెండు సంఖ్యలు సమానమో కాదో చూసే ఒక 74హెచ్‌సీటీ688. హెచ్‌సీటీ ఎందుకంటే ఎల్ఎస్ రకం టీటీఎల్ ఐసీ 1 అన్నప్పుడు 2.7 వోల్టులే ఇవ్వొచ్చు, హెచ్‌సీ రకానికి 3.5 లేనిదే నమ్మకం కుదరదు. 688 అవుట్‌పుట్, 19వ పిన్ను, క్లాక్ కోసం ఆగి తుడిచే 74162 అయితే క్లియర్‌కు. కోఠి గుజరాతీ గల్లీలో 162 లేదని 160 చేతిలో పెట్టారా, క్లియర్‌ను 5 వోల్టులకు కట్టి, 3, 4, 5, 6 పిన్నులు గ్రౌండు చేసి, 688ను లోడ్‌కు, అంటే ఆ నాలుగు పిన్నుల మీది సంఖ్యను లోపలికి తీసుకునే 9వ పిన్నుకు, ఇవ్వాలట. లోడ్ క్లాక్ కోసం ఆగుతుంది, సున్నానే లోడ్ అవుతుంది. 688 ఎనేబుల్‌కు, 1వ పిన్నుకు, తిరగేయని ఆ 7400 పల్స్. ఇది మరిస్తే 26 ఒక్క మిల్లీసెకనే ఉండి మాయమవుతుంది. ఇక ప్రతి ఐసీ పక్కన 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ సంగతి చెప్పనక్కర్లేదు, మనం ఎట్లాగూ పెట్టం.

అంతా విన్నాక మాకు అసలు కుట్ర అర్థమైంది. శ్రీశైలానికి 12 గేట్లు. డిప్ స్విచ్‌ను 0001 0010కి తిప్పితే అదే బోర్డు అక్కడా పనిచేస్తుంది, ఒక్క వైరూ ఊడదీయనక్కర్లేదు. అట్లయితే వచ్చే ఏడు పిల్లలకు కొత్త ప్రాజెక్టని అదే బోర్డును మళ్లీ అమ్ముకునే దుకాణం సంగతేంటి?